పాత ఫోను ఎవరి పాలు?

నరసాపురము బజారులో ఫోనుల దుకాణముల ముందర ఈ దినములలో తరచుగా కనబడు బోర్డు ఒకటి కలదు. పాత ఫోను తెచ్చి ఇమ్మనియు, మిగిలిన సొమ్ము కిస్తీలుగా కట్టుకొనవచ్చుననియు, క్రొత్త ఫోను నేడే పట్టుకొని పొమ్మనియు దాని భావము. సఖినేటిపల్లి రేవునుండి పంటు దాటి వచ్చినవారును, మొగల్తూరు వైపునుండి బస్సు దిగినవారును, రొయ్యల చెరువుల మీద కావలి కాయువారును అచ్చట ఒక నిమిషము నిలువక పోరు. వారిలో మన సంఘస్థులును ఉందురు. ఎనిమిది వేలు మొదలు పండ్రెండు వేల రూపాయల లోపున దొరకు ఫోనులే వారు చూచునవి. లక్ష రూపాయల ఫోను కొనువారిని గూర్చి మేము వ్రాయబోవుట లేదు. అట్టివారు మన పల్లె సంఘములలో అరుదు, ఉన్నను వారు మన సలహా కొరకు వేచియుండరు.

ఆదివారపు ఆరాధన ముగిసి అందరును చెప్పులు తొడుగుకొనుచుండగా, ఒక్కొక్కరు ప్రక్కకు వచ్చి మెల్లగా అడుగు ప్రశ్న యొకటి ఇటీవల మాకు మరల మరల వినవచ్చుచున్నది. “అయ్యగారండీ, ఉన్న ఫోను ఏదో పనిచేస్తూనే ఉందండి. కొత్తది కొనుక్కోవడం అవసరమంటారా, ఆశంటారా?”

ప్రియ చదువరులారా, ఈ ప్రశ్నను చిన్నదని త్రోసివేయకుడి. ఒక కుటుంబము రెండు మూడు నెలలు చెమటోడ్చి సంపాదించిన సొమ్ము దీనిలో నున్నది. తృప్తిని గూర్చి నాలుగు మాటలు చెప్పి పంపివేయుట మాకు సులభమే. అడిగినవాడు తల యూపి వెళ్లును, మరుసటి శనివారము ఫోను కొనును, ఆ తరువాత కొన్ని వారములు మమ్మును తప్పించుకొని తిరుగును. అందువలన మేలేమియు లేదు. ఆ ప్రశ్న సగమే అడుగబడినదని మా అభిప్రాయము. మిగిలిన సగము ఏదో ఈ వ్యాసములో చూతము.

స్మార్టు ఫోను ఇంక విలాస వస్తువు కాదు. 2015 ఆగస్టులో షావోమి కంపెనీవారు రెడ్మి 2 ప్రైమ్ అను ఫోనును విశాఖపట్టణమున విడుదల చేసిరి. అది మన రాష్ట్రపు శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారమున కూర్చబడినది. వెల 6,999 రూపాయలు. మరుసటి సంవత్సరము 2016 సెప్టెంబరు 5వ తేదీని జియో సేవలు ప్రారంభమై, ఆ సంవత్సరాంతము వరకు ఇంటర్నెట్టును ఉచితముగా ఇచ్చెను. అదే 2016లో యు.పి.ఐ. అను చెల్లింపు పద్ధతియు వచ్చెను. అప్పటినుండి టీకొట్టు మొదలుకొని చేపల గంప వరకు ఆ నలుపు తెలుపు గడుల అట్టముక్క వ్రేలాడుచున్నది. 2025 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వమువారు ‘మన మిత్ర’ అను పేరున అనేక ధ్రువపత్రములను, సేవలను వాట్సాపు ద్వారానే అందజేయ నారంభించిరి. పిల్లల బడి కబుర్లు, గ్యాసు బండ, బ్యాంకువారి ఓటీపీ, రొయ్య ధర, తుపాను హెచ్చరిక, సమస్తమును ఆ గాజుపలక మీదికే వచ్చుచున్నవి. కువైటు దేశమునకు ఇంటిపనికి పోయిన తల్లి ముఖము ఆమె పిల్లలకు కనబడునది దానిలోనే. ఇట్టి వస్తువును ‘మనకెందుకు’ అని చెప్పగలవాడు ఒకప్పుడుండెను. ఇప్పుడు చెప్పినయెడల అతడు మరియొకరి ఫోను మీద ఆధారపడి బ్రతుకుచున్నాడనియే అర్థము.

ఇక ఫోను ఎట్లు పాతబడునో తెలిసికొనవలెను. నాగలి అరిగి పాతబడును. మంచము నులక తెగి పాతబడును. ఫోను రెండు విధముల పాతబడును. మొదటిది మనకు తెలిసినదే: బ్యాటరీ కొన్ని వందలసార్లు నిండి ఖాళీయైన పిమ్మట బలము తగ్గును, వేసవి ఎండలో పడవ మీదను, బండి పెట్టెలోను ఉంచినయెడల ఇంకను త్వరగా తగ్గును. అద్దము పగులును. చార్జరు పెట్టు రంధ్రములో దుమ్మును తడియు చేరును. ఇవన్నియు బాగుచేయ వీలైనవి.

రెండవ విధము వింతైనది. ఫోనులో ఏ లోపమును లేకుండగనే అది పాతది చేయబడును. దానిని చేసినవారు కొన్ని సంవత్సరములైన పిమ్మట దాని రక్షణకు కావలసిన సవరణలు పంపుట మానివేయుదురు. దానిలోనికి రావలసిన యాపులు ఏటేట పెద్దవగుచుండును. పదహారు జీబీల చోటున్న ఫోను వాటిని పట్టలేక ఊపిరాడని మనిషివలె ఆగి ఆగి నడచును. తుదకు ఒక దినమున, ఈ ఫోనుకు ఇక మా సేవ లేదని చెప్పుదురు. 2025 జనవరి 1వ తేదీనుండి ఆండ్రాయిడు 4.4, అంతకు పూర్వపు ఫోనులలో వాట్సాపు నిలిచిపోయెను. ఆ ఫోను క్రిందటి రాత్రి ఎట్లున్నదో ఆ ఉదయమునను అట్లే యున్నది. మారినది ఫోను కాదు, దాని చుట్టునున్న లోకము.

ద్వితీయోపదేశకాండము 29వ అధ్యాయములో మోషే జనులకు ఒక సంగతి జ్ఞాపకము చేసెను. నలువది ఏండ్లు అరణ్యమున నడచినను వారి వస్త్రములు చివుకలేదు, చెప్పులు అరుగలేదు. ఈ మాటను మేము పలుమారు చదివియున్నాము గాని, మూడేండ్లకే చేతిలోని వస్తువు పనికిరానిదగు ఈ కాలమున దీనిని చదువునప్పుడు అది మరియొక విధముగా వినబడుచున్నది. అరుగని చెప్పు అద్భుతమని మనము ఎంచుదుము. అరుగక పూర్వమే పనికిరాదనిపించుకొను చెప్పును ఏమందుము?

కాబట్టి క్రొత్త ఫోను కొను ప్రతివానిని ఆశపోతు అనుట న్యాయము కాదు. అనేకులు కొనుట లేదు, కొనిపించబడుచున్నారు. అట్లని ఆశ లేదనియు చెప్పలేము. అహాబు రాజు సంగతి చూడుడి (1 రాజులు 21). అతనికి రాజ్యమున్నది, నగరున్నది. ప్రక్కనున్న నాబోతు ద్రాక్షతోట లేదని మంచమెక్కి, గోడవైపు తిరిగి, అన్నము మానెను. మన యిండ్లలోను పదునెనిమిదేండ్ల కుమారుడు కంచము త్రోసివేసి గోడవైపు తిరుగుట చూచుచున్నాము. వాని ఫోను పనిచేయుచునే యున్నది. స్నేహితుని ఫోనులో కెమెరాలు మూడు, వీనిదానిలో రెండు. అంతే. క్రొత్తదానిలో నున్నదని దుకాణదారు చెప్పు 5జి వాని పేట టవరులో అందునో లేదో వాడు అడిగియుండడు. ఇది ఆశయని చెప్పుటకు మాకు సంకోచము లేదు.

దీనికి ఎదురు తప్పొకటి యున్నది, దానిని గూర్చి బోధకులు సాధారణముగా పలుకరు. యెహోషువ 9వ అధ్యాయములో గిబియోనీయులు చినిగిన గోనెలు, మాసికలు వేసిన చెప్పులు, బూజు పట్టిన రొట్టెలు ఏరి తెచ్చుకొని, దూరదేశపు బీదలవలె కనబడిరి. వారి ఇంట క్రొత్తవి లేక కాదు. పాతదానిని చూపించి గౌరవము సంపాదించుటయు ఒక విద్యయే. అద్దము పగిలిన ఫోనును పదిమందిలో బయటికి తీసి, “మేము ఎనిమిదేండ్లుగా ఇదే వాడుచున్నాము” అని చెప్పుకొను పెద్దమనుష్యులు కొందరు మాకు తెలియును. వారి ధ్రువపత్రములు గుమాస్తా తెచ్చును, టిక్కెట్లు అల్లుడు తీయును, డబ్బు పంపవలసినప్పుడు కోడలి ఫోను అడిగి తీసికొందురు. ఇతరుల క్రొత్త ఫోనులమీద నిలిచిన నిరాడంబరత అది.

ఇంతవరకును ప్రశ్న ఒక మనుష్యునిదే అన్నట్లు మాటలాడితిమి: నాకు ఆశయా, నాకు అవసరమా? అయితే ఫోను ఒక ఇంటిలోనికి వచ్చును. క్రొత్తది వచ్చిన దినమున పాతది బయటికి పోదు. ఒక మెట్టు దిగును. కుమారునినుండి తండ్రికి, తండ్రినుండి తల్లికి, తల్లినుండి నాయనమ్మకు. చార్జరును ఒక కోణమున వంచి పట్టుకొన్నగాని ఎక్కని ఫోను, మాట వినబడవలెనన్న స్పీకరులో పెట్టవలసిన ఫోను, కుడిమూల అద్దము పనిచేయని ఫోను, ఇవి మన యిండ్లలో ఎవరిచేత నున్నవో ఒకసారి లెక్కించుడి. మేము సందర్శనమునకు వెళ్లిన యిండ్లలో చూచినంతవరకు అవి స్త్రీలచేత నున్నవి. ఎవరును కావలెనని అట్లు చేయలేదు. అన్నము వడ్డించు క్రమమువలె అది జరిగిపోవుచున్నది.

నరసాపురము ప్రాంతమున ఈ క్రమము మరింత ఆలోచింపదగినది. ఎందుకనగా ఇచ్చట అనేక గృహములలో ఆ స్త్రీయే చేతిపనితో డబ్బు తెచ్చుచున్నది. మన తీరమునకు లేసు అల్లిక పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీ కుటుంబముల ద్వారా వచ్చినదని అందరును ఎరుగుదురు. నరసాపురము, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతపు అరుగులమీద ఆ సూది అప్పటినుండి ఆగలేదు. ఏజెంటు నూలు ఇచ్చును. ఒకరు పువ్వులు అల్లుదురు, మరియొకరు వాటిని అతుకుపని చేసి పెద్ద గుడ్డగా కలుపుదురు. ఏజెంటు తీసికొనిపోయి ఎగుమతిదారునికి ఇచ్చును. సరుకు సముద్రము దాటును. 2024లో నరసాపురపు క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపును లభించినది.

మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు ఈ ప్రాంతమునకు వచ్చి, ఈ స్త్రీలతో మాటలాడి, ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అను గ్రంథమును 1982లో ప్రచురించెను. ఆమె చూపిన సంగతి మనకు ఇంపైనది కాదు. దినమునకు గంటల తరబడి అల్లుచున్న ఈ స్త్రీలను ఎవరును పనివారుగా ఎంచలేదు. వారు ఇల్లాండ్రు, తీరిక వేళ ఏదో అల్లుకొందురని వర్తకులు అనిరి. ఇంటివారును అట్లే అనుకొనిరి. తీరికపని అని పేరు పెట్టబడెను గనుక దానికి తీరికకూలియే వచ్చెను. అమ్మకము, లెక్క, లాభము పురుషులచేత నుండెను. ఆ గ్రంథము వచ్చి నలువది ఏండ్లు దాటినది. అయినను లేసు అల్లు సహోదరిని “ఏం పని చేస్తున్నావమ్మా?” అని అడిగినప్పుడు, “ఏమీ లేదండి, ఇంట్లోనే ఉంటానండి” అను జవాబు మేము నేటికిని వినుచున్నాము. ఆమె ఒడిలో ఆ క్షణమున సగము అల్లిన పువ్వు ఉండును.

ఇప్పుడు ఫోను సంగతికి రండి. లేసు నమూనా ఫోటోగా వాట్సాపులో వచ్చుచున్నది. ఎన్ని వరుసలు, ఎక్కడ గొలుసుకుట్టు, ఎక్కడ ఖాళీ వదలవలెను అనునది ఆమె ఆ ఫోటోను పెద్దది చేసి చూడవలెను. పగిలిన అద్దములో, మసకబారిన వెలుగులో, చోటు లేక ఫోటో దిగని ఫోనులో ఆమె చూచుచున్నది. వరుస తప్పినయెడల విప్పి మరల అల్లవలసినది ఆమెయే. ఆ దినపు కూలి పోవును. ఆమె ఫోనులో డబ్బు పంపు యాపు తెరచుకొనదు గనుక కూలి కుమారుని ఖాతాకు వచ్చుచున్నది. ఓటీపీ కుమారుని ఫోనుకు వచ్చుచున్నది. ఆమె అల్లిన దానికి ఎంత వచ్చెనో ఆమెకు కుమారుడు చెప్పినంతయే తెలియును. కుమారుడు మంచివాడే కావచ్చును. తన కష్టము లెక్క తాను చూచుకొను హక్కు మాత్రము ఆమెకు లేకపోయెను.

అడుగవలసిన మిగిలిన సగము ప్రశ్న ఇదియే. ఈ ఇంటిలో బాగుగా పనిచేయు ఫోను ఎవరి పనికి ఎక్కువ అవసరము? దాని వెల ఎవరి చేతులు కట్టుచున్నవి? ఆ రెండు ప్రశ్నలకును జవాబు ఒకే మనిషియై, ఆ మనిషి చేతిలో పగిలిన ఫోను ఉండునెడల, అచ్చట కేవలము ఆశ అను తప్పే కాదు, అన్యాయమను తప్పును ఉన్నది.

లెక్క వేసి చూతము. ఒక సహోదరికి లేసు వలన దినమునకు నూరు రూపాయలు వచ్చుననుకొందము. కొందరికి అంతయు రాదు. కుమారునికి తొమ్మిది వేల ఫోను కొనిరి. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి మొబైలు ఫోనులమీద జి.ఎస్.టి. నూటికి పండ్రెండు నుండి పదునెనిమిదికి పెరిగినది గనుక, ఆ తొమ్మిది వేలలో సుమారు 1,370 రూపాయలు పన్నే. మొత్తము తొంబది దినముల అల్లిక. నెలకు ఇరువదియైదు దినములు అల్లినను మూడున్నర నెలలకు పైమాట. అనగా సంక్రాంతికి కొన్న ఫోను కొరకు ఆమె ఈస్టరు దాటినను అల్లుచుండవలెను.

వడ్డీ లేని కిస్తీ గదా అని కొందరు అందురు. సున్నా వడ్డీ అను పథకమే వాస్తవముగా లేదనియు, ఆ వడ్డీ మరియొక రుసుము రూపమున కొనువానిమీదనే పడుచున్నదనియు భారత రిజర్వు బ్యాంకువారు 2013లోనే బ్యాంకులను హెచ్చరించిరి. ఎలీషా శిష్యులలో ఒకడు యొర్దాను ఒడ్డున మ్రాను కొట్టుచుండగా గొడ్డలి ఊడి నీట మునిగినది మీరు చదివియున్నారు (2 రాజులు 6). పనిముట్టు పోయినందుకంటె, అది మరియొకని సొత్తు అనుటయే అతని మొఱ్ఱకు కారణము. పంటకాలువలో జారిన ఫోనుకును కిస్తీ ఆగదు. కిస్తీ ఆలస్యమైనయెడల ఫోనును దూరమునుండియే తాళము వేసినట్లు బంధించు పద్ధతిని కొందరు ఋణదాతలు అవలంబించిరి. కొన్నవాని చేతిలోనే యుండును గాని అది వాని మాట వినదు. కిస్తీయే కూడదని మేము చెప్పుట లేదు. కుట్టు మిషను, వల, పడవ యింజను కొరకు అప్పు చేసినవారు మన సంఘములలో గౌరవముగా బ్రతుకుచున్నారు. పనిముట్టు తన అప్పు తాను తీర్చుకొనునా, లేక మరియొకరి పనిముట్టు దానిని తీర్చవలెనా అనునది చూడవలెను. గోడవైపు తిరిగినవాని ఫోను అప్పును తల్లి సూది తీర్చుచున్నది.

ఈ సందర్భమున తృప్తిని గూర్చిన వాక్యములు చదువువారికి ఒక మనవి. ఉన్నదానితో సంతుష్టుడనై యుండ నేర్చుకొంటినని పౌలు ఫిలిప్పీయులకు వ్రాసినప్పుడు, అతడు చెరలోనుండి తన్నుగూర్చి వ్రాసెను. యెరూషలేములోని బీదలను గూర్చి వ్రాయవలసి వచ్చినప్పుడు, వారు తృప్తిగా నుందురు గాక అని ఊరుకొనలేదు. కొరింథీయులయొద్ద చందా అడిగి, ఒకరికి సమృద్ధి, మరియొకరికి లేమి యుండక సమముగా నుండవలెనని వాదించెను (2 కొరింథీ 8). తనకు తృప్తి, ఎదుటివానికి సమత. మనము దీనిని తలక్రిందులు చేసికొంటిమి. క్రొత్త ఫోను కొనువాడు తన అవసరమును గూర్చి చెప్పుకొనును. తల్లిని చూచి, “అమ్మకు అది చాలులే” అనును. ఆ ‘చాలులే’ అను మాట ఎంత తేలికగా వచ్చునో గమనించితిరా? తృప్తి అనునది మనము మనమీద వేసికొనదగిన కాడి. దానిని మరియొకరి మెడమీద పెట్టుటకు మనకు సెలవు లేదు. ఆ పౌలే తుది దినములలో తిమోతికి వ్రాయుచు, త్రోయలో విడిచిన అంగీని, పుస్తకములను, వానిలోను చర్మపు కాగితములను ముఖ్యముగా తెమ్మనెను (2 తిమోతి 4:13). చలికి అంగీ, పనికి కాగితములు. తన పనికి ఏది కావలెనో అది అడుగుట అతనికి సిగ్గనిపించలేదు. మన తల్లులు అడుగరు. అడుగనిదానిని అక్కరలేనిదిగా ఎంచుట మనకు అలవాటైనది.

పిల్లల చదువును గూర్చి ఎవరైనను అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. 2020లో బడులు మూయబడినప్పుడు ఒకే ఫోను చుట్టు ముగ్గురు పిల్లలు కూర్చున్న యిండ్లు మనమెరుగుదుము. కళాశాలలో చేరిన కుమారునికి, ఉద్యోగ పరీక్షలకు చదువు కుమార్తెకు మంచి ఫోను కావలెను. అట్టిచోట వారిదే మొదటి వంతు. అయితే కుమారునికి కావలసినప్పుడు ‘చదువు’ అనియు, కుమార్తెకు కావలసినప్పుడు ‘ఆడపిల్లకు ఫోనెందుకు’ అనియు పలుకు తండ్రులు తమ మాటలను ప్రక్కప్రక్కను పెట్టి చూచుకొనవలెను.

కొనుటకు పూర్వము చేయదగినవి కొన్ని కలవు. బ్యాటరీ మార్చుటకు సాధారణముగా క్రొత్త ఫోను వెలలో చిన్న భాగమే అగును. దానితో మరి రెండేండ్లు నడచిన ఫోనులు మా యెరుకలో నున్నవి. నిండిపోయిన వీడియోలు, శుభోదయపు బొమ్మలు తీసివేసినయెడల నెమ్మదించిన ఫోను కొంత కదలును. నరసాపురము, పాలకొల్లు బజారులలో చిన్న బల్ల వేసికొని భూతద్దము పెట్టుకొని కూర్చున్న మరమ్మతు కుఱ్ఱవాండ్ర నేర్పు తక్కువది కాదు. ఐరోపా దేశములలో 2025 జూన్ 20వ తేదీనుండి క్రొత్త చట్టము అమలునకు వచ్చినది: అచ్చట అమ్ము ఫోనుకు, ఆ రకము అమ్మకము ఆగిన పిమ్మటను కనీసము అయిదేండ్లు సవరణలు ఇయ్యవలెను, విడిభాగములు ఏడేండ్లు దొరుకునట్లు చేయవలెను, బ్యాటరీ 800 సారులు నింపిన పిమ్మటను నూటికి ఎనుబది వంతుల బలము నిలుపవలెను. మన దేశమున 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కొరకు ప్రభుత్వమువారు ఒక పోర్టలు తెరచిరి. ఐరోపావంటి చట్టమునకు అది సాటిరాదు. కొనునప్పుడు కెమెరాలు ఎన్ని అని అడుగుటకు ముందు, సవరణలు ఎన్నేండ్లు వచ్చునో దుకాణదారుని అడుగుడి. పదిమంది అడిగినప్పుడు పదకొండవవానికి అతడు తెలిసికొని చెప్పును.

పాత ఫోనును దుకాణమునకే ఇచ్చివేయువారు డబ్బు యాపులను, ఖాతాలను తొలగించి, సిమ్మును మెమరీ కార్డును తీసికొని, లోపలిదంతయు తుడిచి మరీ ఇయ్యవలెను. తుడుచుటకు ముందు ఇంటివారందరిని అడుగవలెను. చనిపోయిన తండ్రి గొంతు, “అన్నం తిన్నావా?” అని పంపిన అర నిమిషపు మాట, ఆ ఫోనులోనే యుండవచ్చును. ఎక్స్ఛేంజిలో వచ్చు ఎనిమిది వందల రూపాయల తొందరలో అట్టిది పోగొట్టుకొని ఏడ్చినవారు కలరు. ఎవరికిని పనికిరాని ఫోనును చెత్తకుప్పలో పారవేయరాదు. ఉబ్బిన బ్యాటరీ అంటుకొనును, దానిలోని లోహములు నేలలోనికి, మన నేలనుండి కాలువలోనికి దిగును.

మా సంఘములో ఒక కుటుంబము క్రిందటి వేసవిలో ఈ సంగతిని కూర్చుండి మాటలాడుకొనిరి. కుమారుడు ఫోను కొనవలెనని సిద్ధపడియుండెను. ఆ యింటి తల్లి లేసు అల్లును, అతుకుపనిలో నేర్పరి. ఎవరి పనికి ఏది కావలెనని వారు లెక్కించుకొని, కుమారుని ఫోనుకు బ్యాటరీ మార్పించి, తొమ్మిది వేల క్రొత్త ఫోను తల్లికి కొనిరి. కుమారుడు సంతోషముతో ఒప్పుకొనెనని మేము చెప్పము. వారము దినములు ముభావముగా తిరిగెను. ఆ తల్లి అంతకంటె కష్టపెట్టెను. క్రొత్త ఫోనును పెట్టెతో సహా బీరువాలో చీరల క్రింద పెట్టి, పాతదానినే వాడుచు, “వాడి పెళ్లికి పనికొస్తుందిలే” అనెను. మేము సందర్శనమునకు పోయినప్పుడు కుమార్తె ఈ సంగతి చెప్పి నవ్వెను. తల్లి నవ్వలేదు. ఆమె జీవితములో ఇంటికి వచ్చిన క్రొత్త వస్తువు మొదట తన చేతికి వచ్చుట అదియే మొదటిసారియట.

నెల పట్టినది. కుమార్తెయే ఆమెకు నేర్పెను: ఫోటోను రెండు వ్రేళ్లతో పెద్దది చేయుట, మాట రికార్డు చేసి పంపుట, ఖాతాలో ఎంతయున్నదో చూచుట. కూలి ఇప్పుడు ఆమె ఖాతాకే వచ్చుచున్నది. మొన్న మేము వెళ్లినప్పుడు ఆమె అరుగుమీద కూర్చుండి, అతికిన బల్లగుడ్డను పరచి ఫోటో తీసి ఏజెంటుకు పంపుచుండెను. పంపి, ఫోనును నోటి దగ్గర పెట్టుకొని మాట రికార్డు చేసెను: “బాబూ, పోయినసారి దీనికంటే చిన్నదానికి నాలుగొందలు వేశారు కదా, దీనికి ఎంత వేస్తారో ముందు చెప్పండి. చెప్పాకే పంపుతాను.”